చేప మానేసిన ఇల్లు

ఆ రోజుల్లో దిగులుకు వేరే డాక్టరు ఉండేవాడు కాదు. మనిషి మూతి ముడుచుకుని మూల కూర్చుంటే ఇంట్లో పెద్దవాళ్ళు "ఎవరి కన్ను పడిందో" అనేవాళ్ళు, లేకపోతే "ఎవరేమన్నారు?" అని అడిగేవాళ్ళు. ఏం తిన్నావని మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అందరం తినేది ఒకటే కుండలోంచి అయినప్పుడు అందులో అడగాల్సిందేముంది? మొన్న మా మనవరాలిని నెల్లూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే, ఆమె మొట్టమొదట అడిగింది ఆ మాటే. "నిన్న ఏం తిన్నావమ్మా?" అంది. హాస్టల్లో ఉండి ఏదో పెద్ద పరీక్షకు చదువుతున్న పిల్ల, టీలతోనూ ప్యాకెట్లో వచ్చే ఆ పురుగుల్లాంటి సేమ్యాతోనూ రోజులు నెట్టి, చివరికి మంచం దిగకుండా ఏడుస్తుంటే ఇంటికి తెచ్చుకున్నాం. అది సీలింగు వైపు చూస్తూ, "గుర్తు లేదు మేడమ్" అంది. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. పస్తు పెడితే ఒళ్ళే కాదు, మనసు కూడా నీరసపడుతుందట. తిండి ఒక్కటే మందు కాదు, మాత్రలు వేసుకోవాలి, వారం వారం వచ్చి మాట్లాడాలి, నిద్రపోవాలి. కానీ వేళకు తినకపోతే అవన్నీ కూడా సరిగ్గా పనిచేయవట. గుడ్లు, ఆకుకూరలు, పప్పులు అని చెప్పుకుంటూ వచ్చి, "చేపలు తింటావా?" అంది. అంతే, నేను పైకి నవ్వేశాను. డాక్టరమ్మా మనవరాలూ ఇద్దరూ నా వైపు తిరిగి చూశారు. నేను ఊరికే నవ్వే మనిషిని కాను. (నేను నవ్వితే ఇవాళ ఎవరికో మూడిందని మా ఇంట్లో పిల్లలు చెప్పుకుంటారు.) కానీ ఆ నవ్వుకు కారణం చెప్పాలంటే నేను కొత్త కోడలిగా ఉన్న కాలానికి పోవాలి.

మా పుట్టిల్లు దొరవారిసత్రం అవతల, పులికాట్ చెరువు అంచున. అత్తగారిల్లు అల్లూరు దాటి ఇంకా తూర్పుకు, ఇక ముందుకు నడిస్తే సముద్రమే అనేచోట. రెండిళ్ళలోనూ బతుకు చేపల మీదే అయినా మా తోడికోడలి లెక్కలో చెరువు వేరు, సముద్రం వేరు. "చెరువు పిల్లవి, నీకేం తెలుసు అల సంగతి" అని రోజుకొక్కసారైనా అనందే ఆమెకు తెల్లవారేది కాదు. ఇంట్లో మా అత్త, మా బావ, తోడికోడలు (నేను అక్కా అని పిలిచేదాన్ని), మా ఆయన, నేను. వీళ్ళు కాక ఒక పిల్లి. వల విప్పి చేపలు వాటాలు వేసేటప్పుడు పక్కనే కూర్చుని ప్రతి కుప్పనూ కళ్ళతో కొలిచేది కాబట్టి దాన్ని గుమస్తా అని పిలిచేవాళ్ళం. ఇసక నేలలో కూరగాయ మొలవదు. పెరట్లో ఒక మునగచెట్టు తప్ప పచ్చనిదేదీ లేదు. పప్పు కొనాలంటే మా అత్తకు ప్రాణం పోయినంత పనయ్యేది. అయినా ఏనాడూ మాకు లోటు తెలియలేదు, ఎందుకంటే అమ్మకానికి పోయినది పోగా కూరకని కొన్ని చేపలు రోజూ ఇంటికి వచ్చేవి. పొద్దున నెత్తళ్ళ వేపుడు, మధ్యాహ్నం కానాగంతల పులుసు, మరునాటికి మిగిలితే ఇంకా రుచి. నేను అప్పటికే పొదుపు మనిషిని. పులుసు గిన్నెను అన్నంతో తుడిచి ఆ ముద్ద తినేదాన్ని, చేప కడిగిన నీళ్ళు మునగచెట్టుకు పోసేదాన్ని. అందుకే మా అత్త నన్ను చూసి, "పిల్ల బక్కదైనా బుద్ధి గట్టిది" అని ఒకసారి మెచ్చుకుంది. (ఆ ఒక్కసారే.)

ఒకరోజు ఒడ్డుకు వచ్చే పడవను అల బోర్లా వేసింది. మిగతావాళ్ళు ఈది బయటపడ్డారు గానీ మా ఆయన కాసేపటిదాకా కనిపించలేదు. ఆ కాసేపు నేను ఒడ్డున ఎలా నిలబడ్డానో రాయడం నాకు చేతకాదు. చివరికి బావ జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి ఇసకలో పడేశాడు. మా ఆయన నీళ్ళు కక్కి కళ్ళు తెరిచాడు. మా అత్త తడి ఇసకలో మోకాళ్ళ మీద పడి, ఊరంతా వినేటట్టు మొక్కుకుంది. "తల్లీ గంగమ్మా, నా బిడ్డను నాకిచ్చినావు! నీ జాతర దాకా నా ఇంట్లో చేప పొయ్యెక్కదు తల్లీ!"

బావ పంచె పిండుకుంటున్నవాడు చెయ్యి ఆపి, "అమ్మా, ఆ మొక్కుకునేదేదో సొరకాయ మీద మొక్కుకోకూడదా?" అన్నాడు.

"సొరకాయ నువ్వెప్పుడు తిన్నావురా మానుకునేదానికి?" అని అత్త ఇసక తీసి బావ మీద విసిరింది.

జాతరకు ఇంకా చాలా రోజులుంది. మొదటి రోజుల్లో భక్తి బాగా ఉండింది. చింతపండు చారు, నిమ్మకాయ ఊరగాయ, గంజన్నం తిని, మనమెంత నిష్ఠగా ఉన్నామో అని ఒకరినొకరు మెచ్చుకున్నాం. మునగాకు రెండుసార్లు వండేసరికి చెట్టు మోడైంది. ఆ తర్వాత ఇంటికి ఏదో పట్టింది. బావ పక్కింటి కోడిపుంజుతో నిజంగానే తగాదా పెట్టుకున్నాడు. అది తనను చూసి కావాలనే కూస్తోందట. తోడికోడలు కుండ మూత పగిలిందని పొద్దుటినించి మధ్యాహ్నం దాకా ఏడ్చింది. మూత పాతది, మా అత్త కూడా ఏమీ అనలేదు, అయినా ఏడ్చింది. అత్త చీటికీ మాటికీ పోట్లాటకు దిగేది, తర్వాత మంచం మీద పడుకుని "నేను ఎందుకు పుట్టినాను తల్లీ" అనేది. నాకు తల తిరిగేది, చెయ్యి లేచేది కాదు, ఎవరు పలకరించినా కొరకాలనిపించేది. గుమస్తా మూడు పూటలు ఖాళీ కంచాల వైపు చూసి, ఒకరోజు చెప్పకుండా ఇల్లు వదిలి పోయింది. మాలో తెలివిగలది అదొక్కటే అని తర్వాత తెలిసింది.

వీళ్ళందరి సంగతి ఒక ఎత్తు, మా ఆయన సంగతి ఒక ఎత్తు. ఆయన పోట్లాడలేదు, ఏడవలేదు. ఒళ్ళో వల వేసుకుని, చేతిలో వల అల్లే సూది పట్టుకుని, గోడకు ఎదురుగా కూర్చునేవాడు. సూది కదిలేది కాదు. సముద్రం మీద బతికే మనిషి సముద్రం వైపు వీపు పెట్టి కూర్చోవడం అప్పటిదాకా నేను చూడలేదు. పడవ మీదికి ఆయన బదులు వేరే మనిషి పోతున్నాడు. "అన్నం తిందువు రాయ్యా" అంటే వచ్చేవాడు, నాలుగు మెతుకులు కెలికి లేచేవాడు. నవ్వుతూ పెళ్ళిపీటల మీదికి వచ్చిన మనిషి మళ్ళీ నాకు దక్కుతాడా లేదా అన్నది తప్ప ఇంకే ఆలోచనా నాకు లేకపోయింది. దిష్టి అన్నారు, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయమన్నారు. వేశాను. (గుప్పెడు మిరపకాయలు. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.) అందరం దగ్గాం, ఆయన కనీసం దగ్గనైనా లేదు. దీనికంతటికీ మందు ఒకటేనని, మొక్కు ఇంకా గట్టిగా పట్టుకోవాలని నేను తీర్మానం చేసుకున్నాను. వీధిలో ఎవరింట్లోనో పులుసు కాగుతుంటే బావ తల ఎత్తి వాసన చూశాడని, "మొక్కు బావా, మొక్కు!" అని అరిచాను. అప్పటినుంచి ఇంట్లో నన్ను చూస్తే అందరూ కొంచెం సర్దుకుని కూర్చునేవాళ్ళు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం మా ఆయన లేచి, "కొంచెం గాలికి పొయ్యొస్తా" అని బయటికి పోయాడు. తిరిగొచ్చి చాప మీద పడి, చాలా రోజుల తర్వాత గురక పెట్టి నిద్రపోయాడు. మరునాడు కూడా పోయాడు. ఆ మరునాడు కూడా. నాలుగైదు రోజులు తిరిగేసరికి వల అల్లే సూది కదలడం మొదలైంది. ఒకనాడు సన్నగా ముక్కుతో ఏదో పాట. నా సంతోషం ఇంతా అంతా కాదు. కానీ సంతోషం వెనకే ఇంకొకటి వచ్చింది. మా ఇంట్లో ఎర్ర సబ్బు ఒకటే ఉండేది, పండగలకు వాడేది, దాని మీద ఒక కన్నేసి ఉంచడం నా పని. ఆ సబ్బు అరుగుతోంది! గమనించి చూస్తే, ఈయన బయటికి పోయేముందు దాన్ని ఆకులో చుట్టి నడుముకు దోపుకుని పోతున్నాడు. తిరిగొచ్చేటప్పుడు చేతులు ఘుమఘుమ, నోట్లో తమలపాకు, తల దువ్వి ఉంది. మొగుడు తమలపాకు నమలడం నేనెరుగను.

తోడికోడలితో చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఆమె పెద్ద అనుభవశాలి మాదిరిగా నిట్టూర్చింది.

"చెల్లా, మొగోడు సబ్బు వాడతా ఉండాడంటే అది పెళ్ళాం కోసం కాదమ్మే. పాట పాడతా ఉండాడంటే అసలే కాదు."

"మరెవరి కోసమక్కా?"

"నేనెట్ట చెప్పేది? చెరువు పిల్లవి, నువ్వే వల వేసి పట్టుకో."

ఇంకో నాలుగు రోజులకు బావ కూడా పాడసాగాడు. కోడిపుంజుతో రాజీపడ్డాడు, దానికి నూకలు కూడా వేశాడు. సబ్బు ఇంకా తొందరగా అరిగింది. అన్నదమ్ములిద్దరూ కలిసే చెడిపోయారని నేను కుమిలిపోతుంటే, తోడికోడలు మాత్రం దిగులు పడే మాట అటుంచి, ఒక మధ్యాహ్నం నుంచి ఆమే నవ్వుతూ తిరుగుతోంది. పిచ్చిది, మొగుడి సంగతి తెలియక నవ్వుతోందని జాలిపడ్డాను. చివరికి మా అత్త కూడా ఒకనాడు మధ్యాహ్నం ఎక్కడికో పోయి వచ్చి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, నన్ను "అమ్మా" అని పిలిచింది. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు చూడండి. కోపం కళ్ళకు కట్టు కట్టేసింది. ఇంట్లో నేనొక్కదాన్నే గంజి తాగుతూ, నేనొక్కదాన్నే ఏడుస్తూ, నేనొక్కదాన్నే మొక్కు కాపలా కాస్తున్నాను.

తెగించి ఒక మధ్యాహ్నం ఆయన వెనకే బయల్దేరాను. చేతికి ఏది అందితే అది తీసుకున్నాను. చీపురుకట్ట అందింది. ఎండకు ఇసక నిప్పుల మాదిరి ఉంది, చెప్పులు అరుగుతాయని నేను చెప్పులు లేకుండానే పోయాను. (పొదుపు మనిషి కోపంలో కూడా పొదుపు మనిషే.) పడవ నీడ నుంచి పడవ నీడకు గెంతుకుంటూ పోయాను. ఆయన ఊరి చివర ప్రార్థన మందిరం పక్కన ఉన్న తాటాకు దడి లోపలికి దూరాడు. దడి దగ్గరికి వచ్చేసరికి వాసన తగిలింది. మామిడికాయ వేసిన చేపల పులుసు. ఈయన మరిగిన ఆడదానికి వంట కూడా వచ్చన్నమాట అనుకున్నాను! నా కాళ్ళు ఇంకా గబగబా నడిచాయి. కోపంతోనా, ఆకలితోనా అంటే ఇప్పటికీ చెప్పలేను. లోపలి నుంచి ఎవరో ఆడమనిషి గొంతు తగ్గించి, "సిగ్గుపడబాక, ఇంకో ముక్క వేసుకో. ఈడ ఎవరూ చూడరులే" అంటోంది. దాని వెనకే మా ఆయన నవ్వు. పడవ బోర్లా పడ్డ రోజు నుంచి నేను వినని నవ్వు. నేను ఇంట్లో ఎంత వెతికినా దొరకని నవ్వు ఎవరి ఇంట్లోనో దొరుకుతోందే అని గుండె మండిపోయింది. తలుపు తోసి, చీపురు తలమీదికి ఎత్తి లోపలికి దూకాను.

లోపల వరసగా మా ఆయన, మా బావ, మా తోడికోడలు, మా అత్త. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క కంచం. అత్త కంచం పక్కన గుమస్తా, బాగా ఒళ్ళు చేసి ఉంది. గరిటె పట్టుకుని నిలబడింది ఊరంతా ప్రార్థనల పెద్దమ్మ అని పిలిచే ముసలామె. మాకు చుట్టం కాదు, కిరస్తానీ ఆమె, ఎండుచేపలు అమ్ముకుని బతికేది. బావ నోట్లో పెట్టుకున్న ముక్క మింగాలో తీయాలో తెలియక అలాగే ఉంచుకున్నాడు. ముందుగా తేరుకున్నది మా అత్తే. చేతిలో చేప తలకాయ పట్టుకునే, నన్నూ నా చీపురునూ పైనుంచి కిందకు చూసి, "ఏందే, ఊడ్చేదానికొచ్చినావా? అందరం తిన్నాక ఊడుద్దువుగానీ, కూకో" అంది.

"మొక్కు!" అన్నాను.

"మొక్కు యాడికి పోయిందమ్మే? నా ఇంట్లో చేప పొయ్యెక్కదని మొక్కినా. ఎక్కిందా?"

"ఎక్కలా."

"మరింకేంది? ఇది పెద్దమ్మ పొయ్యి."

"ఆమె గంగమ్మ తల్లి అత్తా! ఆ తల్లికి తెలీదా?"

"చేపలిచ్చే తల్లి, చేప తిన్నారని అలుగుతాదా?" అంది అత్త, బావ వైపు చెయ్యి చాపి మామిడికాయ ముక్క అందుకుంటూ. నేను అప్పటికి చీపురు దించలేదు. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను, ఏడుపు తన్నుకొచ్చింది. తోడికోడలు కిసుక్కుమంది. "నీకు చెప్తే కూడేడ తిననిస్తావు చెల్లా? బావ గాలి పీల్చినాడని ఊరంతా వినపడేటట్టు అరిచినావే! ఒకరికి తెలీకుండా ఒకరం వచ్చినాం. నేనొచ్చినప్పుడు మీ బావ ఆ గాదె చాటున దాక్కున్నాడు, కంచంతో సహా."

ప్రార్థనల పెద్దమ్మ నా చేతిలోంచి చీపురు తీసి మూల ఆనించి, నన్ను కూర్చోబెట్టి, సంగతంతా చెప్పింది. "మీ ఆయన పడవ చాటున కూర్చోని ఏడస్తా ఉండినాడమ్మే. రెండు మంచి మాటలు చెబ్దామని పోతిని. చూస్తే మాట వినే ఓపిక కూడా లేదు వాడికి, కళ్ళు లోపలికి పోయినాయి. ముందు తినబ్బయ్యా, ఏడుపు యాడికీ పోదు, తినేసి ఏడువు అంటిని. తిన్నాడు. తిన్నాక ఏడవలా, నిద్రొస్తా ఉందని ఇంటికి పోయినాడు. రెండోనాడు తినేసి మాట్లాడినాడు."

"ఏం మాట్లాడినాడు?"

మా ఆయన కంచంలో ముల్లు ఏరుతూ, తలెత్తకుండా నాకు చెప్పాడు. "నీళ్ళ కింద యా పక్క పైకో తెలీలా. కళ్ళు మూస్తే అదే వస్తాండె. నీకు చెప్దామంటే నువ్వే సగం అయిపోయి ఉంటివి, నీకింకా భయం ఎందుకు పెట్టేదని..." ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. "ఇప్పుడు నిద్ర పడతా ఉంది. కొంచెం అటు తిరిగి కూర్చోగలుగుతాండా." అటు అంటే సముద్రం వైపు. ఆ దడి సందుల్లోంచి సముద్రం కనపడుతోంది, ఆయన దాని వైపే తిరిగి కూర్చుని ఉన్నాడు. నేను దూకిన ఊపులో అది చూడనేలేదు.

పెద్దమ్మ నాకూ వడ్డించింది. కానాగంత నడిమి ముక్క, దాని మీద చిక్కటి పులుసు. మొదటి ముద్ద మింగాక కూడా నా మూతి బిగించే ఉంది. నాలుగో ముద్దకు తోడికోడలితో ఏదో అన్నాను, ఆమె నవ్వింది. కంచం ఖాళీ అయ్యేసరికి బావ దాక్కున్న గాదె చూసి నేనే నవ్వుతున్నాను. ఇది మహిమో, కడుపు నిండిన సంబరమో నాకు తెలియదు. మామూలుగా ఆకలిగా ఉన్న మనిషి తిన్నాక బాగుంటాడు, అంతేనేమో. కానీ ఆ పూట నా తలలో ఉన్న పొగ సగం తగ్గినట్టు నాకే తెలిసింది. అప్పుడు నేనడిగిన మాట తలుచుకుని మా ఇంట్లో చాలా ఏళ్ళు నవ్వారు. "సరే గానీ, ఇంతకీ నా సబ్బు ఎంత మిగిలింది?" అన్నాను. అత్త నడుముకు దోపుకున్న ఆకు విప్పి చూపించింది. చింతగింజంత ఉంది.

జాతర దాకా మా పొయ్యి మీద చేప ఎక్కలేదు. మొక్కు మొక్కే. కూరకు వచ్చిన చేపలు, చింతపండు, నూనె పట్టుకుని రోజూ మధ్యాహ్నం అందరం వరసగా పెద్దమ్మ ఇంటికి పోయేవాళ్ళం, ముందు అత్త, చివర నేను. (చీపురు కూడా తీసుకుపోయేదాన్ని. తిన్నాక ఊడ్చే పని నాకే పడింది.) దొంగతనం పోయాక చేతుల చేప వాసన పోగొట్టే సబ్బు అవసరం కూడా పోయింది. మా ఆయన ఒక్కసారిగా పడవ ఎక్కలేదు. ముందు ఒడ్డున వలలు సర్దాడు, తర్వాత మోకాటి లోతు నీళ్ళలో నిలబడి పడవ నెట్టాడు, కొన్నిసార్లు వెనక్కి వచ్చేశాడు కూడా. వచ్చిన రోజున పెద్దమ్మ ఎందుకొచ్చావని అడగలేదు, కంచం పెట్టింది. జాతర రోజుకు మాత్రం పడవ మీద నిలబడే గంగమ్మకు దండం పెట్టాడు. ఆయన ఆ తర్వాత చాలా కాలం సముద్రం మీద బతికి, ముసలితనంలో నేల మీదే, నిద్రలోనే పోయాడు.

డాక్టరమ్మ దగ్గర ఇదంతా చెప్పలేదు లెండి, బయట వేరేవాళ్ళు కూర్చుని ఉన్నారు. బస్సులో మనవరాలికి చెప్పాను. అది వింటూ కిటికీలోంచి చూస్తూనే ఉంది. "నువ్వు చీపురు తీసుకుని పోయావా అవ్వా?" అని ఒక్క మాట మాత్రం అడిగింది. ఇంటికి వచ్చాక మాత్రలు వేళకు ఇస్తున్నాం. వాళ్ళమ్మ వారం వారం నెల్లూరు తీసుకుపోతోంది. మొదట్లో కంచం ముందు పెడితే, "వద్దవ్వా, తినబుద్ధి కావట్లేదు" అని లేచిపోయేది. నేను తిట్టలేదు. (మా ఇంట్లో ఇది వింతగా చెప్పుకున్నారు.) రెండు ముద్దలైనా నా ఎదుటే కూర్చుని తినమన్నాను, అంతే. పరీక్ష సంగతి ఎత్తలేదు. కొన్ని పూటలు తినేది, కొన్ని పూటలు మా ఇప్పటి పిల్లికి పెట్టేది. పిల్లి లావెక్కింది, ఇదీ కొంచెం ఒళ్ళు చేసింది. పోయిన వారం పుస్తకం తెచ్చుకుని వాకిట్లో కూర్చుంది, ఒక పేజీ చదివి మూసేసింది. నేను చూడనట్టే ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం మామిడికాయ వేసి కానాగంతల పులుసు చేశాను. మనవరాలు నాలుగు ముద్దలు ఎక్కువే తిని, కంచం తీసుకుని పెరట్లోకి పోయింది. నేను పొయ్యి దగ్గర గిన్నెను అన్నంతో తుడుచుకుంటున్నాను. నీళ్ళు పడే చప్పుడు, కంచం చప్పుడు, వాటి మధ్యలో ముక్కుతో సన్నగా ఏదో పాట. నాకే తెలియకుండా కళ్ళు తలుపు మూలకు పోయాయి, చీపురుకట్ట ఎక్కడుందా అని. అక్కడే ఉంది. ఎండలో చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి, తలుపు తోసి, ఆ నవ్వు దొరికిన ఇంటి మీదికి చీపురెత్తిన ఆ బక్క పిల్ల కూడా దాని పక్కనే నిలబడి ఉన్నట్టనిపించింది. కూర్చోవే, నువ్వు కూడా తిను అన్నాను.

పెరట్లోంచి మనవరాలు, "ఎవరితో మాట్లాడుతున్నావవ్వా?" అంది.

"ఎవరితోనూ లేదు. సబ్బు కొంచెమే వాడు" అన్నాను.